తోక సైకిలు

దేవకుమారి సైకిలు అందరికన్నా వెనక నడుస్తోంది. తొక్కలేక వెనకబడింది కాదు. వెనకే ఉండాలి గనక ఉంది.

ముందు పదహారు సైకిళ్ళు. ఏటా మాఘమాసంలో పాలకొల్లు, నరసాపురం వైపు మనుషులు కొందరు సైకిళ్ళు వ్యాన్లో వేసుకుని పెద్దాపురం వెళ్తారు. అక్కడ మరిడమ్మకు దణ్ణం పెట్టుకుని, కాకినాడ, యానాం, అమలాపురం మీదుగా గోదావరి పాయలు ఒక్కొక్కటే దాటుకుంటూ, మూడు రోజులు తొక్కి, మొగల్తూరు అవతల పేరుపాలెం సముద్రం దగ్గర ఆపుతారు. జట్టుకి పెద్ద పాలకొల్లులో బట్టల కొట్టున్న సుధాకర్. లోకంలో అందరూ ఇంటి నుంచి బయటికి తొక్కుతారు, మనం మాత్రం ఇంటివైపు తొక్కాలి, అప్పుడే కాళ్ళు మాట వింటాయి అంటాడాయన.

ఆ జట్టుకి ఒక కట్టుబాటుంది. ఒకరు అందరికన్నా చివర రావాలి. ఆ మనిషిని తోక అంటారు. ఎవరి టైరులో గాలి పోయినా, ఎవరి పిక్క పట్టేసినా తోక ఆగాలి. వాళ్ళు కదిలాకే తను కదలాలి. చివర సముద్రం ఒడ్డున కొబ్బరికాయ కొట్టేది కూడా తోకే. తోక వచ్చేసిందంటే ఇంక వెనక ఎవరూ మిగిలిపోలేదని లెక్క. ఒడ్డునంతా ఇసక, ఊళ్ళల్లోనేమో ఒండ్రుమట్టి, కాయ కొట్టడానికి రాయి దొరకదు. అందుకని పెద్దాపురం మెట్ట మీద ఒక రాయి ఏరి, సంచిలో వేసి, వెనక క్యారియర్‌కి కట్టుకుని అంత దూరమూ తోకే మోసుకురావాలి. పదేళ్ళు ఆ రాళ్ళు మోసినవాడు శివరామకృష్ణ. దేవకుమారి భర్త.

పోయిన జ్యేష్ఠంలో ఒక ఉదయం ఆయన గేదెకు గడ్డి వేసి వచ్చి, అరుగు మీద కూర్చుని మంచినీళ్ళడిగాడు. ఆమె గ్లాసు తెచ్చేసరికి గోడకి జారబడి ఉన్నాడు. ఆ గ్లాసులో నీళ్ళు ఏమయ్యాయో ఆమెకి ఇప్పటికీ గుర్తు రాదు. పారబోసిందో, తనే తాగిందో.

తర్వాత ఎనిమిది నెలలు ఆమె ఇల్లు కదల్లేదు. భర్త పోయిన ఆడదాన్ని పుట్టింటివాళ్ళొచ్చి తీసుకెళ్ళి మూడు రాత్రులు బయట నిద్ర చేయించాలని ఆ ఇళ్ళల్లో ఆచారం. ఆ నిద్రలయ్యేదాకా ఆమె ఇంకొకరి గడప తొక్కకూడదు, ప్రయాణమయ్యేవాళ్ళకి ఎదురు రాకూడదు. దేవకుమారికి అమ్మా నాన్నా లేరు. ఉన్న ఒక్క అక్క ప్రసన్నకుమారిని పెద్దాపురం ఇచ్చారు. అక్క కోడలికి అప్పుడు నెలలు నిండుతున్నాయి, పురుడయ్యాక తీసుకెళ్తానంది. పురుడయ్యాక బారసాల కానీ అంది. బారసాలయ్యాక, అన్నప్రాసన కూడా కానీవే, పసిబిడ్డ ఉన్న ఇల్లు కదా అంది. దేవకుమారి ప్రతిసారీ సరే అంది.

ఆమె మొదట్నుంచీ సరే అనే మనిషే. ఏడో తరగతితో బడి మానమన్నప్పుడు సరే అంది. నాన్నకి పొలానికి అన్నం క్యారేజీ పట్టుకెళ్ళమంటే సరే అంది. కాకపోతే ఆ క్యారేజీ నాన్న సైకిలు మీద తీసుకెళ్ళేది. సీటు అందక, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒక పక్కకి వేలాడుతూ తొక్కేది. కాలవ గట్టు మీద ఎడ్లబండి ఎదురొచ్చినా దిగని పిల్ల అని ఊళ్ళో చెప్పుకునేవారు. పద్దెనిమిదేళ్ళకు పెళ్ళయింది. తర్వాత ముప్పయ్యేళ్ళు సైకిలు ముట్టుకోలేదు. ఎక్కొద్దని అత్తింట్లో ఎవరూ అనలేదు. ఎక్కమనీ అనలేదు.

కార్తీకంలో సుప్రియ పలకరించడానికొచ్చింది. పాలకొల్లులో టీచరు. ఆ జట్టులో ఉన్న ఒక్క ఆడపిల్ల.

"ఈ ఏడాది తోక ఎవరో ఇంకా తేలలేదు ఆంటీ" అంది వెళ్ళేముందు. "అందరికీ ముందుండాలనే ఉంది."

దేవకుమారి గేదెల పాకవైపు చూసింది. ఆయన నల్ల సైకిలు అక్కడ చూరు కింద దుమ్ము పట్టి ఉంది.

"నేనుంటాను" అంది.

సుప్రియ నవ్వలేదు. అందుకే దేవకుమారికి ఆ పిల్లంటే గురి కుదిరింది.

సైకిలు సీటు కిందికి దించుకుంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక బావగారు భీమరాజు కునుకు తీసే వేళ, ఇంటి వెనక కొబ్బరితోటలో తొక్కేది. రెండుసార్లు పడింది. మోచెయ్యి దోక్కుపోతే పసుపు అద్దుకుంది. ఒకరోజు అత్తగారు పాపాయమ్మ పెరటి గుమ్మంలో నిలబడి చూసింది. ఎనభై దాటిన మనిషి. దేవకుమారి బ్రేకు పట్టి దిగబోయింది.

"ఇటు తొక్కకు, గేదె బెదురుతుంది. అటు చివర తొక్కు" అని లోపలికి పోయింది ముసలావిడ.

మాఘమాసం వచ్చింది. సుధాకర్ వ్యాను వచ్చి సైకిలు ఎక్కించుకుంది.

"ఎవరికిచ్చేశావమ్మాయ్?" అన్నాడు భీమరాజు.

"సుధాకర్‌గారు పట్టుకెళ్ళారండి."

"మంచిపని చేశావు. చూసినప్పుడల్లా కడుపు తరుక్కుపోతోంది" అని కండువాతో కళ్ళొత్తుకున్నాడాయన. చెడ్డవాడు కాదు. తమ్ముణ్ణి ఎత్తుకుని పెంచినవాడు.

రెండు రోజుల తర్వాత అక్క వచ్చి, నిద్రలకని చెప్పి, దేవకుమారిని పెద్దాపురం తీసుకెళ్ళింది. మొదటి నిద్ర అక్కగారింట్లో అయింది. తెల్లారి దేవకుమారి, రాజమండ్రిలో ల్యాబు ఉద్యోగం చేసుకునే తన కూతురు పూజితది పాత చుడీదారు ఒకటి వేసుకుని, సంచిలో రాయి పెట్టుకుని సైకిలెక్కింది. నలభై ఎనిమిదేళ్ళొచ్చాక మొదటిసారి ప్యాంటు వేసుకోవడం. అక్క గుమ్మంలో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది.

రెండో నిద్ర అమలాపురంలో సత్రంలో. మూడోది పాలకొల్లులో సుప్రియ ఇంట్లో. పుట్టింటివాళ్ళు దాటిస్తే తప్ప, ఏడాది తిరక్కుండా ఏరు దాటకూడదంటారు. ఆమె గౌతమి దాటింది, వైనతేయ దాటింది, చించినాడ వంతెన మీద వశిష్ఠ దాటింది. ఆ వంతెన మీద సుధాకర్ ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. సాయంత్రం పాలకొల్లు చేరేసరికి అది భీమరాజు ఫోనులోకి పోయింది. ఆయన ఫోను చేశాడు.

"ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనా అమ్మాయ్?"

"నేనేనండి."

"నిద్రలకని చెప్పి ఈ వేషాలేంటి? పొద్దున్నే బస్సెక్కి వచ్చెయ్. ఆ సైకిలు మీద మన ఊళ్ళోంచి పోయావంటే మాత్రం ఇంక ఇంట్లోకి రానక్కర్లేదు. చెప్తున్నాను."

సరే అనడానికి దేవకుమారి నోరు అలవాటుగా తెరుచుకుంది.

"బస్సెక్కితే తోక ఎవరుంటారండి?" అంది.

ఆయన ఫోను పెట్టేశాడు.

ఆఖరి రోజు పొద్దున్న ఇడ్లీలు తిని బయల్దేరేముందు సుప్రియ పక్కకి పిలిచింది. "ఆంటీ, మీ ఊరు తగలకుండా కాలవ గట్టు రోడ్డుంది. నేను సుధాకర్‌గారికి చెప్తాను."

"మీ అంకుల్ ఏటా ఎటు వెళ్ళేవారు?"

"మీ ఇంటి ముందు నుంచే. మామ్మగారికి చెయ్యూపి మరీ."

"అయితే అటే."

నరసాపురం దాటాక రోడ్డుకి రెండు పక్కలా దాళ్వా వరి చేలు పచ్చగా ఉన్నాయి. జట్టు ముందుకు సాగిపోయింది. దేవకుమారి ముందు ఒక్కడే మిగిలాడు, జయంత్. నరసాపురంలో బ్యాంకు ఉద్యోగి, మంచి ఒళ్ళు, మొదటిసారి వచ్చాడు. గేర్ల సైకిలు కొత్తది. తొక్కేవాడే దానికి సరిపోలేదు.

"ఆంటీ, మీరెళ్ళిపోండి. నేను వ్యానెక్కుతాను."

"ఎక్కి ఇంటి దగ్గర ఏం చెప్తావ్?"

"టైరు పోయిందని చెప్తాను."

"యానాంలో ఒకటి పోయిందని చెప్పావ్. రాజోలులో ఒకటన్నావ్. సైకిలుకి రెండే కదా బాబూ ఉంటాయి."

జయంత్ నవ్వి మళ్ళీ తొక్కాడు. అలా నవ్వించుకుంటూ ఆమె అతన్ని తమ ఊరిదాకా లాక్కొచ్చింది. అక్కడ, మొగల్తూరు ఇంకా రెండు మైళ్ళుందనగా, సరిగ్గా వాళ్ళ వీధి మొగలో, సత్తియ్య టీ కొట్టు ఎదురుగా, జయంత్ ముందు టైరు బుస్సుమంది. ఈసారి నిజంగానే పోయింది.

దేవకుమారి సైకిలు దిగి స్టాండు వేసింది.

టీ కొట్టు బల్లల మీద పదిమంది ఉన్నారు. అందరికీ ఆ ఫోటో సంగతి తెలుసు. తెలిసే కూర్చున్నారు.

"ఎవరది, కృష్ణ పెళ్ళాం కాదూ?"

"నిద్రకెళ్ళిందన్నారే."

"నిద్రలో నడిచేవాళ్ళుంటారు గాని, ఈవిడ తొక్కుకుంటూ వచ్చేసింది."

నవ్వారు. జయంత్ జేబులోంచి ఫోను తీశాడు. "ఆంటీ, వ్యానుకి ఫోన్ చేస్తానండి. ఇక్కడొద్దు."

"ఇక్కడే పోయింది, ఇక్కడే అతుకుతుంది. చక్రం ఊడదీయ్."

ఆమె సంచిలోంచి ఆయన సామాను తీసింది. పాత చెంచాలు రెండు, గరుకు కాగితం, సొల్యూషన్ ట్యూబు, రబ్బరు ముక్కలు, గాలిపంపు. ముప్పయ్యేళ్ళు అరుగు మీద ఆయన పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూ చూసిన పని అది. చెంచా కాడలతో టైరు అంచు లేపి లోపలి ట్యూబు బయటికి లాగింది. గాలి కొట్టింది. చిల్లు కనపడలేదు.

"సత్తియ్యా, బేసిన్లో కాసిని నీళ్ళిస్తావా?"

సత్తియ్య ఆమె వెనక్కి చూశాడు. అక్కడ భీమరాజు వచ్చి నిలబడి ఉన్నాడు.

"బేసిను ఖాళీ లేదమ్మా" అన్నాడు సత్తియ్య. గ్లాసులు కడిగే బేసిను అతని కాళ్ళ దగ్గరే ఉంది.

"లే" అన్నాడు భీమరాజు.

ఆయన వస్తే నిలబడటం ఆమెకి ముప్పయ్యేళ్ళ అలవాటు. ఈసారి లేవలేదు. ట్యూబు ఒళ్ళో ఉంది.

"ఇది అతుక్కోగానే లేస్తానండి."

"నలుగురిలో పరువు తీస్తున్నావ్. నిద్రలు చేయించుకు రమ్మని పంపిస్తే..."

"చేసొచ్చానండి బావగారూ. పెద్దాపురంలో ఒకటి, అమలాపురంలో ఒకటి, రాత్రి పాలకొల్లులో మూడోది. ఎక్కడ పడుకోవాలో పెద్దవాళ్ళు చెప్పారు గాని, ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి ఎలా వెళ్ళాలో చెప్పలేదు కదండీ."

బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. ఈసారి ఆ నవ్వు ఆమె మీద కాదు. భీమరాజుకి అది తెలిసింది. గొంతు తగ్గించాడు.

"వాడు పోయి ఏడాది తిరగలేదే అమ్మా. నీకు బాధ లేదా?"

దేవకుమారి చేతులు ఆగిపోయాయి. అందరూ ఆమె మొహం చూస్తున్నారు. ఏడుస్తుందనుకున్నారు. ఏడిస్తే అంతా సర్దుకుంటుంది, ఇంటికి తీసుకుపోవచ్చు.

"ఎనిమిది నెలలు కూర్చున్నానండి. మీరే చూశారు. కూర్చుంటే తగ్గిందా?" అంది. "నా వెనక ఎవరూ లేరు గాని, నా ముందు ఈ అబ్బాయి ఉన్నాడు. ఇతన్ని ఇక్కడ వదిలేసి ఇంట్లోకొస్తే, మీ తమ్ముడు పదేళ్ళు చేసిన పని నేను ఒక్క పూటలో చెడగొట్టినట్టు. నేను చెడగొట్టను."

వీధిలోంచి ఏదో చప్పుడైంది. పాపాయమ్మ వస్తోంది. రెండు చేతులా సత్తు బేసిను పట్టుకుని, అడుగడుక్కీ నీళ్ళు ఒలకబోసుకుంటూ, చీర తడుపుకుంటూ వస్తోంది. భీమరాజు "అమ్మా" అంటూ ఎదురెళ్ళబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. బేసిను తెచ్చి కోడలి ముందు పెట్టింది.

"సగం ఒలికిపోయాయి. సరిపోతాయా?"

"సరిపోతాయండి అత్తయ్యగారూ."

ట్యూబు నీళ్ళలో ముంచి తిప్పింది. ఒకచోట బుడగలొచ్చాయి. తుడిచి, గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ రాసి, ఊదింది. రబ్బరు ముక్క అంటించి పిడికిలితో గట్టిగా నొక్కి పట్టుకుంది. వీధి వీధంతా అలా చూస్తూ నిలబడింది. గాలి కొట్టాక టైరు రాయిలా గట్టిపడింది.

"ఎక్కు" అంది జయంత్‌తో.

అతను కదిలాక ఆమె కదిలింది. అత్తగారికి చెయ్యూపింది. ముసలావిడ ఖాళీ బేసిను ఊపింది.

పేరుపాలెం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. జట్టంతా ముందు చక్రాలు నీళ్ళలో పెట్టి నిలబడి ఉంది. ఇళ్ళ నుంచి ఆడవాళ్ళు, పిల్లలు కార్లలో వచ్చి ఉన్నారు. జయంత్ ఇసకలో సైకిలు ఈడ్చుకుంటూ రాగానే చప్పట్లు కొట్టారు. అతని వెనక దేవకుమారి వచ్చింది. ఆ చప్పట్లు కొంచెం సన్నగిల్లాయి.

కొబ్బరికాయ గణేష్‌బాబు చేతిలో ఉంది. ఆయనా జట్టులో తొక్కినవాడే, రైసుమిల్లు ఉంది. కాయ ఏటా ఆయన తోటలోంచే వస్తుంది. పక్కన కొడుకు, కొత్త కోడలు.

"సుధాకర్‌గారూ, ఈసారి మా అమ్మాయి చేత కొట్టిద్దామండి. కొత్త పెళ్ళికూతురు, బాగుంటుంది" అన్నాడు.

సుధాకర్ ఇసకవైపు చూశాడు. "చెల్లెమ్మా, నువ్వు బాగా అలిసిపోయావు..."

"అలిసిపోయానండి" అంది దేవకుమారి. "కట్టుబాటు మార్చుకున్నారా?"

"అబ్బే, మార్చలేదు."

"నా వెనక ఇంకెవరన్నా ఉన్నారా?"

సుధాకర్ తలెత్తి రోడ్డువైపు చూశాడు. అందరూ చూశారు. సరుగుడు తోటల మధ్య రోడ్డు ఖాళీగా ఉంది.

"లేరు."

"అయితే కాయ ఇప్పించండి."

గణేష్‌బాబు కాయ వదల్లేదు. "నిన్నేం తక్కువ చెయ్యడం కాదమ్మా. పసిపిల్లలున్నారు, కొత్త జంట ఉంది. మంచీ చెడ్డా చూసుకోవాలి కదా."

"కాకినాడ దాటాక మీ చైను ఊడితే ఎక్కించింది ఎవరండి?"

ఆయన కాయ ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"ఈ చేతులే కదండీ. అప్పుడు మంచిచెడ్డలు అడగలేదు మీరు. ఎండగా ఉంది, తొందరగా కానీమన్నారు."

సుప్రియ పైకే నవ్వేసింది. ఆ కొత్త కోడలు మామగారి చేతిలోంచి కాయ తీసుకుంది. ఆ పిల్ల పేరు కూడా దేవకుమారికి తెలియదు. తిన్నగా తెచ్చి ఆమె చేతిలో పెట్టి, ఏమీ అనకుండా మొగుడి పక్కన నిలబడింది.

దేవకుమారి సంచి విప్పి రాయి తీసింది. ఇసకలో ఆనించి, అలలవైపు తిరిగి, కాయ ఎత్తి కొట్టింది. పగల్లేదు. రాయి ఇసకలోకి దిగిపోయింది. వెనక ఎవరో నిట్టూర్చారు. చెప్పులు విప్పి, రాయి పైకి లాగి, రెండు పాదాల మధ్యా బిగించి మళ్ళీ కొట్టింది. కాయ వంకరగా పగిలి, నీళ్ళు ఆమె మోచేతులదాకా చిమ్మాయి.

చిప్పలు ముక్కలు చేసి తనే పంచింది. జయంత్ రెండు తీసుకున్నాడు. గణేష్‌బాబు చెయ్యి చాపలేదు. ఆయన ముక్క ఆమె తినేసింది. బాగా తీయగా ఉంది.

వ్యానెక్కమని సుధాకర్ చాలా చెప్పాడు. ఎక్కలేదు. రాయి మళ్ళీ సంచిలో వేసుకుని, వచ్చిన దారినే వెనక్కి తొక్కింది. ఈసారి ముందూ వెనకా ఎవరూ లేరు. మొగల్తూరులో ఒకచోట ఆగి, ఒక చెట్టు నీడన నిలబడి, కాసేపు ఏడ్చింది. మొహం తుడుచుకుని మళ్ళీ ఎక్కింది.

ఇంటి గేటు తీసే ఉంది. భీమరాజు వీధి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పాపాయమ్మ లోపల చాప మీద ఉంది. దేవకుమారి సైకిలు గోడకి ఆనించింది. మల్లె పాదు చుట్టూ ఆయన తెచ్చిన పది రాళ్ళు వరసగా ఉన్నాయి. పదకొండోది పక్కన పెట్టి కాలితో నొక్కింది. తర్వాత వెళ్ళి అరుగు మీద, ఆయన కూర్చున్నచోటే కూర్చుంది. ఈ ఎనిమిది నెలలూ ఆ చోటు ఎవరూ తొక్కలేదు.

"ఇంట్లోకి రానక్కర్లేదన్నాను" అన్నాడు భీమరాజు. గొంతులో పొద్దుటి బిగువు లేదు.

"ఈ గోడలు మీరూ మీ తమ్ముడూ కలిసి కట్టినవండి. నేను పోయేది లేదు" అంది. "దాహంగా ఉంది. మంచినీళ్ళు కావాలి."

ఆయన కదల్లేదు. ఆమె కూడా లేవలేదు. లేచి తెచ్చుకుంటే సగం దూరం వచ్చి ఆగినట్టవుతుందని ఆమెకి తెలుసు.

లోపల నుంచి పాపాయమ్మ పలికింది. "ఒరే భీమరాజూ, నేనిందాకే ఒక బేసిను మోశాను. ఇంక నా వల్ల కాదు. మరదలికి మంచినీళ్ళు తెచ్చిపెట్టు."

కుర్చీ కిర్రుమంది. దేవకుమారి వెనక్కి తిరిగి చూడలేదు. గోడకి వీపు ఆనించి, గేటువైపు చూస్తూ కూర్చుంది. వంటింట్లో బిందె మీద మూత తీసిన చప్పుడైంది.